ఆన్ కాని కంప్యూటర్ని ఆన్ చేయకండి

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధిలోకి వచ్చినప్పుడు బట్టల మూట, బియ్యం బస్తా, సర్టిఫికెట్ల సంచీ పట్టుకుని మేడ మీదికి పరిగెత్తాం. కింద నా డీటీపీ కొట్టు అలాగే ఉండిపోయింది. రెండు డెస్క్‌టాప్‌లు, ఓ ప్రింటర్, పెళ్లి కార్డుల నమూనాలు అతికించిన ఆల్బమ్‌లు. నీరు తీసి కిందికి దిగేసరికి కేబినెట్లు రెండూ బురదలో పక్కకి ఒరిగి ఉన్నాయి.

వాటిలో మొదటిదాన్ని వరద చంపలేదు. నేనే చంపాను. "ఏం కాదమ్మాయ్, రెండ్రోజులు ఎండలో పెట్టు, అదే లేస్తుంది" అన్నారు ఎదురింటి బాబాయిగారు. మంచి మనసుతో చెప్పిన మాట. రెండు కాదు, నాలుగు రోజులు ఎండబెట్టాను. కరెంటు వచ్చిన సాయంత్రం ప్లగ్ పెట్టి బటన్ నొక్కాను. ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగింది. లోపల 'టప్'మంది. కాలిన వాసన కొట్టంతా కమ్మేసింది.

ఆ హార్డ్ డిస్క్‌లో ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారి నాన్నగారు రాసిన హరికథలున్నాయి. ఏప్రిల్ నుంచి మాస్టారు నోటు పుస్తకాలు తెస్తుంటే నేను పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కంపోజ్ చేస్తూ వచ్చాను. ఆ నోటు పుస్తకాలు మా పక్క వీధిలో మాస్టారి ఇంట్లో అదే నీళ్లలో నాని ముద్దయ్యాయి.

ఆ రాత్రి మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోన్ చేశాను. అన్నయ్య సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బోర్డులు రిపేరు చేస్తాడు. విషయమంతా విని ఒకటే అడిగాడు: "రెండోదానికి ప్లగ్ పెట్టావా?" పెట్టలేదన్నాను. "పెట్టకు. నేను చెప్పేదాకా దాని జోలికి పోకు."

తర్వాత వారం రోజులు అతను ఫోన్లో చెప్పినవన్నీ మా వీధివాళ్లు చెప్పినవాటికి తలకిందులుగా ఉన్నాయి. ఈ వ్యాసం ఆ రెండో కంప్యూటర్ మీదే కొడుతున్నాను. వరద తర్వాత కూడా పిడుగు పడ్డవీ, మెట్ల మీంచి దొర్లినవీ, ఊరికే ఓ పొద్దున లేవనివీ ఎవరెవరివో చూశాను. నా సలహాలు విన్నవాళ్లు ముందు "ఇదెక్కడి సలహా?" అంటారు. అనుకున్నా పర్వాలేదు, పాటిస్తే చాలు.

బటన్ నొక్కాల్సింది ప్లగ్ పీకాకే

దెబ్బ తిన్న కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాళ్లూ చేసే మొదటి పని బటన్ నొక్కడం. లేవకపోతే మళ్లీ నొక్కడం. ఈసారి ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త సేపు. జబ్బు ముదిరేది అక్కడే.

లోపల ఎక్కడో రెండు తీగలు కలవకూడని చోట కలిసి ఉన్నాయనుకోండి. కరెంటు లేనంతవరకూ అది ఉత్త తడి, ఉత్త బురద. కరెంటు పంపిన క్షణం అది షార్ట్ సర్క్యూట్. మీరు నొక్కిన ప్రతిసారీ కాలిన ఒక్క భాగం పక్కనున్న రెండింటిని తనతో తీసుకుపోవచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బటన్‌తో ఆపినంత మాత్రాన డెస్క్‌టాప్ పూర్తిగా ఆగదు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి వచ్చాక ప్లగ్ పెట్టి స్విచ్ వేసి ఉన్నంతసేపూ 5 వోల్టుల కరెంటు ఒకటి మదర్‌బోర్డులోకి వెళ్తూనే ఉంటుంది. బటన్ నొక్కితే మిగతాదాన్ని లేపడానికి ఉన్న కాపలా కరెంటు అది. "ఆఫ్‌లోనే ఉంది కదా" అని తడి బోర్డుని ప్లగ్‌తో వదిలేస్తే అది రాత్రంతా తనను తాను తినేస్తూ ఉంటుంది.

కాబట్టి ప్లగ్ గోడలోంచి పీకండి. పీకాక ఆ బటన్ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద మిగిలిన కరెంటు దిగిపోతుంది. తర్వాత కేబినెట్ పక్క రేకు తీసి, బోర్డు మీద రూపాయి బిళ్లలా మెరిసే బ్యాటరీని తీసెయ్యండి. సీఆర్2032 అంటారు, 3 వోల్టులది. ప్లగ్ పీకినా ఇది మాత్రం బోర్డుకి కరెంటు ఇస్తూనే ఉంటుంది. తడి బోర్డు మీద పచ్చగా చిలుము పట్టడానికి ఈ చిన్న బిళ్ల చాలు. మా వీధిలో నేను చూసిన బోర్డుల్లో చిలుము ముందుగా పట్టింది ఈ బ్యాటరీ చుట్టూనే.

బురద పట్టిన బోర్డుని కడగండి

ఈ మాట అన్నయ్య నోట విన్నప్పుడు నాకూ గుండె ఆగినంత పనైంది. నీళ్లలో మునిగి పాడైన వస్తువుని మళ్లీ నీళ్లతో కడగడమేమిటి?

నీళ్లకంటే బోర్డుకి శత్రువు నీళ్లతో వచ్చింది. బురద, ఉప్పు, మురుగు. నీళ్లు ఆరిపోతాయి, ఇవి మిగిలిపోతాయి. ఎండలో పెడితే ఇంకా గట్టిగా కరుచుకుంటాయి. తర్వాత ఏ ముసురు రోజో గాలిలో చెమ్మ తగిలితే ఆ ఎండిన ఉప్పే మళ్లీ కరెంటుకి దారి ఇస్తుంది. నా మొదటి కంప్యూటర్‌కి జరిగింది ఇదే. పైకి ఎండిపోయింది, చిప్‌ల కింద బురద అలాగే ఉంది.

అసలు ఫ్యాక్టరీలో టంకం పని అయ్యాక బోర్డుల్ని కడిగే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. కరెంటు లేని బోర్డుకి శుభ్రమైన నీళ్లు హాని చేయవు.

ప్రాసెసర్, దాని మీది ఫ్యాన్, ర్యామ్, కార్డులు, బ్యాటరీ అన్నీ తీసేశాక ఉత్త బోర్డుని మంచి నీళ్ల ధార కింద పట్టండి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో, సబ్బు లేకుండా, స్లాట్ల సందుల్లోంచి బురద వచ్చేయాలి. చివరి కడుగుడుకి డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేందుకు అమ్ముతారే, అదే. పంపు నీళ్లలో ఉన్న ఉప్పు కూడా దాంతో పోతుంది. ఆ పైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిస్తే సందుల్లోని నీటిని లాక్కుని ఆరిపోతుంది. దీపాలకీ పొయ్యిలకీ దూరంగా, కిటికీలు తెరిచి చెయ్యండి. అది భగ్గున అంటుకునే సరుకు.

తర్వాత నీడలో, ఫ్యాన్ గాలికి, నిలువుగా ఆనించి పెట్టండి. వారం రోజులు. హెయిర్ డ్రయ్యర్ వద్దు. ఆ వేడి గాలి నీటిని చిప్‌ల కిందికి తోసేస్తుంది, ప్లాస్టిక్ వంకర పోతుంది. బియ్యం డబ్బాలో పెట్టమన్నవాళ్లు నలుగురున్నారు. బియ్యం గింజ చిప్ కిందికి దూరి నీళ్లు పీల్చదు, దుమ్మూ పిండీ మాత్రం స్లాట్లలో చేరుతుంది.

కడగకూడనిది ఒకటుంది, ఎస్‌ఎంపీఎస్. గోడ కరెంటుని లోపలికి తీసుకునే ఆ రేకు డబ్బా మునిగిందంటే దాని పని అయిపోయినట్టే. దాన్ని విప్పకండి. మన 230 వోల్టుల కరెంటు లోపల దాదాపు 325 వోల్టుల డీసీగా మారి పెద్ద కెపాసిటర్లో నిలవ ఉంటుంది. ప్లగ్ పీకిన తర్వాత కూడా ఉండొచ్చు. ప్రాణం మీదికి వచ్చే వస్తువు అది. కొత్తది కొనండి, ఇక్కడ పొదుపు చూడకండి.

హార్డ్ డిస్క్‌ని మాత్రం ఆరనివ్వకండి

బోర్డు పోతే మరో బోర్డు దొరుకుతుంది. అందులో మీది అనేదేమీ లేదు. మీది అన్నదంతా హార్డ్ డిస్క్‌లో ఉంది. మాస్టారి హరికథలు, మీ పాప మొదటి పుట్టినరోజు, పదేళ్ల లెక్కలు. కాబట్టి దీనికి వేరే న్యాయం.

లోపల అద్దంలాంటి పళ్లేలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటే, వాటి మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో చదివే తల తేలుతూ ఉంటుంది. ఆ సందులో పొగ నుసి కూడా పట్టదు. చాలా డిస్క్‌లకి గాలి పీల్చేందుకు ఓ చిన్న రంధ్రం ఉంటుంది. వరదలో నీళ్లు దాంట్లోంచే లోపలికి పోతాయి. ఆ నీళ్లు లోపలే ఆరితే మురికి పళ్లెం మీద పొరలా కరుచుకుంటుంది. ఆ తర్వాత డిస్క్ తిరిగితే తల ఆ పొరని గీరుకుంటూ పోతుంది, దానితోపాటు అక్షరాల్ని కూడా.

అందుకని తడిసిన డిస్క్‌ని తడిగానే ఉంచండి. ఓ తడి గుడ్డ ముక్కతో కలిపి గాలి చొరని ప్లాస్టిక్ సంచీలో కట్టేసి, డేటా తీసే ల్యాబ్‌కి పంపండి. వాళ్లు దుమ్ములేని గదిలో విప్పి, పళ్లేల్ని కడిగి, అప్పుడు చదువుతారు. ఎస్‌ఎస్‌డీ అయితే ఈ బాధ లేదు, అందులో తిరిగేదేమీ లేదు, దాన్ని బోర్డులాగే కడిగి ఆరబెట్టొచ్చు.

ల్యాబ్ అనగానే "ఇంత దెబ్బ తిన్నాక ఇంకేం వస్తుంది?" అని నిట్టూర్చేవాళ్లకి నేను కొలంబియా సంగతి చెబుతాను. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా, మరో ఆరుగురు వ్యోమగాములు ఉన్న ఆ షటిల్ ఆకాశంలోనే ముక్కలైంది. ఆ శకలాల్లో ఓ హార్డ్ డిస్క్ దొరికింది. కాలి, కరిగి, నేలకి కొట్టుకున్న డిస్క్. క్రోల్ ఆన్‌ట్రాక్ అనే సంస్థ దాన్ని విప్పి, పళ్లేలు శుభ్రం చేసి, అందులోని సమాచారాన్ని దాదాపు మొత్తం బయటికి తీసింది. అందులో ఉన్నది జెనాన్ వాయువు మీద అంతరిక్షంలో చేసిన ఓ ప్రయోగం సమాచారం. దాని ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఆకాశం నుంచి పడిన డిస్క్ చదవగలిగారంటే, దాన్ని ముందుగా ఎవరూ "ఓసారి ఆన్ చేసి చూద్దాం" అనకపోవడం కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

ఫ్రిజ్‌లో పెడితే లేస్తుందన్న మాట కూడా వింటుంటాం. చల్లటి డిస్క్‌ని మన ఉక్కపోతలోకి తీస్తే చల్ల చెంబు మీద పట్టినట్టే నీటి చుక్కలు పడతాయి. దయచేసి పెట్టకండి.

పాడైనదాన్ని వెతక్కండి, బాగున్నవాటిని పీకండి

నీళ్లతో సంబంధం లేకుండా, పవర్ వస్తోంది గానీ డిస్‌ప్లే రావట్లేదనే కంప్యూటర్లే ఎక్కువ. చెడిపోయిన భాగం ఏదా అని లోపలికి తొంగి చూస్తే మీకేమీ కనపడదు. కనపడేది ఒక్కటే: కొన్ని పాత బోర్డుల మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బి, గోధుమ రంగు జిగురు కారి ఉంటుంది. 2000 ప్రాంతంలో తయారైన చాలా బోర్డులకి ఈ జబ్బు ఉండేది. అది కనిపిస్తే కారణం తెలిసినట్టే.

కనిపించకపోతే ఒక్కొక్కటే పీకుతూ రండి. ముందు హార్డ్ డిస్క్ కేబుల్, తర్వాత డీవీడీ డ్రైవ్, ముందు వైపు యూఎస్‌బీ తీగలు, అదనపు కార్డులు. బోర్డు, ప్రాసెసర్, ఒక ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ ఇవే మిగలాలి. బోర్డుని కేబినెట్లోంచి తీసి ఓ అట్టపెట్టె మీద పరవండి. అది వచ్చిన మెరిసే యాంటీస్టాటిక్ కవరు మీద కాదు, ఆ కవరు పైపొరకి కరెంటు పారే గుణం ఉంటుంది. అట్ట మీద లేచి కేబినెట్లో లేవని బోర్డులు ఎన్ని చూశానో! బోర్డు కింద ఓ స్క్రూ జారిపడి ఉంటుంది, లేదా బోర్డుకి రంధ్రం లేనిచోట కింద ఇత్తడి కాలు బిగించి ఉంటుంది.

అప్పుడు ఆ ఒక్క ర్యామ్‌ని కూడా తీసేసి ఆన్ చేయండి. అవును, ర్యామ్ లేకుండానే. చిన్న స్పీకర్ తగిలించి ఉంటే బోర్డు కీచుమని అరవాలి. అరిస్తే సంతోషించండి: బోర్డు, ప్రాసెసర్ రెండూ బతికే ఉన్నాయి, తమకి ర్యామ్ లేదని చెప్పుకోగలుగుతున్నాయి. మౌనంగా ఉంటేనే భయపడాలి. అవార్డ్ బయోస్ ఉన్న పాత బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి అరుపులైతే డిస్‌ప్లే కార్డు సంగతి చూడాలి. కొత్త బోర్డుల్లో అరుపు బదులు చిన్న లైట్లు వెలుగుతాయి.

పెద్ద జబ్బు అనుకోకండి

"బోర్డు పోయింది" అన్న మాట షాపులో నిమిషంలో వచ్చేస్తుంది. బోర్డు మార్చాలంటే ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చాలంటారు, చివరికి కొత్త కంప్యూటరే. అందుకే అందరూ పనికిమాలినవనుకునే చిన్నవాటినే ముందు పట్టుకుంటాను.

జంక్షన్ బాక్స్‌లో ప్లగ్ వదులు. ముందు వైపు బటన్ అరిగిపోవడం. అది కేవలం రెండు తీగల్ని క్షణం సేపు కలిపే మీట. బోర్డు మీద దాని రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ కొనతో తాకిస్తే కంప్యూటర్ లేచిందంటే మీకు కావాల్సింది కొత్త బోర్డు కాదు, కొత్త బటన్. ర్యామ్ పాదాల మీద మసి. మెత్తటి రబ్బరుతో, బోర్డుకి దూరంగా పట్టుకుని, తేలిగ్గా తుడిస్తే పోతుంది. ఉప్పుకాగితంతో రుద్దితే బంగారు పూత లేచిపోతుంది.

పాత ఎస్‌ఎంపీఎస్ వెనకాల 115, 230 అని ఓ ఎర్ర స్విచ్ ఉంటుంది. "అటూ ఇటూ జరిపి చూడు" అనే సలహా ఒకటి తిరుగుతోంది. మన దేశంలో దాన్ని 115 మీద పెట్టి ప్లగ్ పెడితే ఎస్‌ఎంపీఎస్ పేలుతుంది. దాని మీద టేపు అంటించెయ్యండి.

ఎర్త్ గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కచేయరు. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే "చెప్పులేసుకుని కూర్చో" అంటారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే కూర్చున్నాను. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి కేబినెట్ రేకుకి రెండు చిన్న కెపాసిటర్లుంటాయి. వాటి నుంచి కారే కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. ప్లగ్‌లో మూడో కాలు విరిగినా, గోడలో ఎర్త్ తీగ లేకపోయినా ఆ రేకు మీద దాదాపు 115 వోల్టులు నిలుస్తాయి. కరెంటు తక్కువే కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ అలాంటి కేబినెట్‌కి ప్రింటరో టీవీయో కేబుల్ పెట్టిన క్షణాన ఆ వోల్టేజి పోర్టులోంచి దారి వెతుక్కుంటుంది. లోపల ఏదన్నా తీగ తెగి రేకుకి తగిలిందంటే ప్రాణాపాయమే. చెప్పులు తీసేసి ఎలక్ట్రీషియన్ని పిలవండి.

ఫార్మాట్ వద్దనండి

తెర మీద అక్షరమే రాని కంప్యూటర్‌ని కూడా "ఫార్మాట్ కొడితే సరిపోతుంది" అనేవాళ్లున్నారు. డిస్‌ప్లే రాని జబ్బు విండోస్ దాకా వెళ్లనే లేదు. ఫార్మాట్‌తో పోయేది మీ ఫైళ్లే. నిర్మొహమాటంగా వద్దనండి, హార్డ్ డిస్క్ విప్పి చేతికి ఇవ్వమనండి, మిగతా డబ్బానే షాపులో వదలండి.

లేచి కూడా డిస్క్ టిక్కు టిక్కుమంటుంటే విండోస్ తనంతట తానే చెక్‌డిస్క్ నడుపుతానంటుంది. నడపనివ్వకండి. చస్తున్న డిస్క్‌ని అది మూలమూలా తిప్పి, రాతల్ని సరిచేస్తున్నాననుకుని చెరిపేయొచ్చు. ముందు డీడీరెస్క్యూలాంటి ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్ని యథాతథంగా మరో డిస్క్‌లోకి దింపాలి. వైద్యం చేయాల్సింది ఆ నకలుకే.

నా మొదటి కంప్యూటర్ డిస్క్‌ని అన్నయ్య ల్యాబ్‌కి పంపించాడు. కింద ఉండే పచ్చ సర్క్యూట్ కాలిపోయింది. అదే మోడల్ సర్క్యూట్ ఇంకోటి కొని బిగిస్తే చాలనుకున్నాను. చాలదట. ప్రతి డిస్క్‌కీ తన సొంత కొలతలు ఆ సర్క్యూట్ మీది ఓ చిన్న చిప్‌లో రాసి ఉంటాయి. కాలిన సర్క్యూట్ నుంచి ఆ చిప్‌ని ఊడదీసి కొత్తదాని మీద అతికారు. నేను నాలుగు రోజులు ఎండలో పెట్టడం వల్ల ఒక పళ్లెం ఒకవైపు మురికి కరుచుకుపోయింది. అటువైపు ఏముందో అది రాలేదు.

జూలైలో సేవ్ చేసిన ఫైలు వచ్చింది. ఆగస్టులో కొట్టిన రెండు కథలు రాలేదు.

ఆ మాట చెప్పడానికి మాస్టారింటికి వెళ్లినప్పుడు మంచం మీద ఎండిన నోటు పుస్తకాల పేజీలు ఒక్కొక్కటే విడదీస్తూ ఉన్నారు. సిరా మొత్తం నీలం మచ్చయిపోయింది. నా మాట విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ రెండూ నాన్న చెబుతుంటే వెనక తాళం వేసేవాణ్ణి. కొంత వచ్చు నాకు" అన్నారు.

ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు కొట్టుకి వస్తున్నారు. కుర్చీ వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, వేళ్లతో తొడ మీద తాళం వేస్తూ చెబుతారు. గుర్తు రానిచోట ఆగుతారు. ఆయన ఆగిన ప్రతిసారీ నేను కంట్రోల్ ఎస్ నొక్కుతాను. ఇంటికి వెళ్లేముందు, కొట్టిన పేజీలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కేదాకా గుమ్మంలో నిలబడి, అది జేబులో వేసుకుని వెళ్తారు.